ఎవరి కోపానికి ఏ పేరు

పోయినేడు అప్రైజల్ సీజన్‌లో ఇద్దరు సహోద్యోగుల గురించి ఫీడ్‌బ్యాక్ రాయాల్సొచ్చింది. ఒకాయన నాకంటే సీనియర్. మధ్యాహ్నం మీటింగులో ఎవరైనా అడిగిందే మళ్లీ అడిగితే ఆయన గొంతు లేస్తుంది, ల్యాప్‌టాప్ మూత టప్పున పడుతుంది. ఇంకొకామె నాకంటే నాలుగేళ్లు జూనియర్. ఆవిడదీ అదే ధోరణి. మాట మధ్యలో ఎవరైనా అడ్డొస్తే "నన్ను పూర్తి చెయ్యనివ్వండి" అని కసురుతుంది. రాత్రి పదకొండింటికి కూర్చుని రెండు ఫారాలూ నింపేశాను. ఆయన గురించి 'ప్యాషనేట్' అని రాశాను. ఆమె గురించి 'కొంచెం టచీ' అని. సబ్మిట్ నొక్కి, పళ్లు తోముకుంటుంటే తట్టింది, ఈ రెండు మాటలూ ఒకే గుణానికి రాశానని. వెళ్లి చూస్తే ఫారం లాకైపోయింది.

కావాలని చేసింది కాదు. ఆ క్షణాన ఆ మాటలే తోచాయి. తంటా అంతా ఆ తోచడం దగ్గరే ఉంది. ఆ మాటలు నాకంటే ముందు ఎవరికి తోచాయో, ఎవరి మీద వాడారో చూద్దామని డిక్షనరీలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి ఇంగ్లీషులో ఉన్నన్ని పేర్లు ఇంకే గుణానికైనా ఉన్నాయా అనిపించింది. ఆ పేర్లకున్న చరిత్ర మాత్రం నేననుకున్నంత అమాయకంగా లేదు.

మన తెలుగులో ఈ రకం కోపం ఎక్కువగా చప్పుళ్లలోంచి వచ్చింది. చిటపటలాడటం, రుసరుసలాడటం, కస్సుబుస్సుమనడం, చిర్రుబుర్రులాడటం. పోపులో ఆవాలు, బుసకొట్టే పాము, అన్నీ చెవికి వినపడతాయి. ఇంగ్లీషు వాడు ఎక్కువగా కడుపులోకి చూశాడు. గ్రీకు వైద్యం నుంచి వచ్చిన లెక్క ప్రకారం ఒంట్లో నాలుగు ద్రవాలుంటాయి: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. పసుపు పిత్తం ఎక్కువైతే మనిషి వేడిగా, పొడిగా, సన్నగా ఉంటాడు, ఊరికే మండిపడతాడు. గ్రీకులో పిత్తాన్ని 'ఖోలే' అంటారు. కోలరిక్ అన్న మాట అక్కణ్ణుంచి వచ్చింది. మనకు తెలిసిన కలరా దానికి దగ్గర చుట్టం.

ఇది చదువుతున్నప్పుడు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వాడికి పైత్యం ప్రకోపించింది" అనేది. పైత్యం అంటే పిత్తమే. ప్రకోపంలో కోపం ఉండనే ఉంది. మన ఆయుర్వేదం మూడు దోషాలు లెక్కపెట్టింది, వాళ్లు నాలుగు ద్రవాలు లెక్కపెట్టారు. పిత్తం దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

'టెంపర్' అన్న మాటా ఈ వైద్యంలోదే. లాటిన్‌లో దాని మూలానికి అర్థం తగుపాళ్లలో కలపడం. నాలుగు ద్రవాలూ కలిసిన పాళ్లను బట్టి మనిషి టెంపరమెంట్ ఉంటుంది. అంటే టెంపర్ మొదట్లో కోపం కాదు, సమతూకం. అందుకే కోపం వచ్చినవాణ్ణి 'టెంపర్ పోగొట్టుకున్నాడు' అంటారు. పోయింది కోపమైతే మనిషి చల్లబడాలి కదా! కాలక్రమంలో పోగొట్టుకునే వస్తువు పేరే రోగం పేరైపోయింది. 2015లో జూనియర్ ఎన్టీఆర్ సినిమాకి ఆ పేరు పెట్టేనాటికి మనకి టెంపర్ అంటే పొగరూ కోపమూ కలిసిన ఒక హీరో గుణం. మన తెంపరితనానికీ దానికీ చుట్టరికం లేదు, చెవికి మాత్రమే అన్నదమ్ములు.

పిత్తం దగ్గరే ఆగలేదు. టెస్టీ అన్న మాటకి మూలం పాత ఫ్రెంచిలో తల. ఇంకా వెనక్కి పోతే లాటిన్‌లో 'టెస్టా', అంటే మట్టికుండ. రోమన్ జనం తలని ఎగతాళిగా కుండ అన్నారు, మనం ఎండిన సొరకాయ డిప్పని, కొబ్బరి చిప్పని, తలని కలిపి బుర్ర అన్నట్టే. టెస్టీ మొదట మొండివాడు, తర్వాత ఊరికే కసిరేవాడు. క్రాంకీ, క్రాచెటీ, క్రాస్, క్రాబ్డ్, ఈ నాలుగింట్లోనూ ఎక్కడో ఒక వంకర ఉంది: వంగిన కమ్మీ, చిన్న కొక్కెం, అడ్డంగా పడ్డ కర్ర, పక్కకు నడిచే పీత. ఇలా ఏరుకుంటూ పోతే సాయంత్రాలు గడిచిపోతాయి. నాకు గడిచాయి కూడా.

కానీ చాసర్ దగ్గర ఆగాల్సొచ్చింది. పద్నాలుగో శతాబ్దం చివర్లో రాసిన కాంటర్‌బరీ కథల్లో ఒక రీవ్ వస్తాడు. జమీను లెక్కలు చూసే పెద్ద గుమాస్తా అనుకోండి. చాసర్ అతన్ని పరిచయం చేస్తూనే బక్కపల్చటి కోలరిక్ మనిషి అంటాడు. పిక్కలే కనిపించనంత సన్నటి కాళ్లు. ధాన్యం కొట్టులో గింజ తేడా వచ్చినా పట్టేస్తాడు. కింద పనిచేసేవాళ్లకు అతనంటే చావు భయం. చిన్నప్పటి నుంచీ మనకి పరిచయమైన మనిషే. ఇక్కడ చూడాల్సిందేమిటంటే, పిత్తం ప్రతి ఒంట్లోనూ ఉంటుంది, అతనంటే హడలిపోయే పాలేళ్ల ఒంట్లో కూడా. పుస్తకంలో మాత్రం ఆ కోపం దర్జాగా నడిచేది అజమాయిషీ చేసేవాడి ఒంట్లో.

ఈ సంగతి షేక్‌స్పియర్‌కి బాగా తెలుసు. 'మెజర్ ఫర్ మెజర్'లో ఇసబెల్లా తన తమ్ముడి ప్రాణం కోసం వాదిస్తూ, కెప్టెన్ నోట వస్తే ఏదో కోపంలో అన్నాడులే అని సరిపెట్టుకునే మాట మామూలు సిపాయి నోట వస్తే దైవదూషణ అయిపోతుందని అంటుంది. అక్కడ ఆమె వాడే విశేషణం కోలరిక్కే. ఆ రోజుల్లో దైవదూషణ చిన్న నేరం కాదు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆ వాక్యం చదివాక నా రెండు ఫీడ్‌బ్యాక్ ఫారాలూ ఒకదాని పక్కన ఒకటి మళ్లీ కనపడ్డాయి.

అప్పట్నుంచి మాటల్ని అవయవాల వారీగా కాకుండా మనుషుల వారీగా వెతకడం మొదలుపెట్టాను. సర్లీ అంటే మొహం మాడ్చుకుని మాట్లాడేవాడు. దీని పాత రూపం సర్ అన్న మాటలోంచి వచ్చింది: సర్ లాగా, దొర లాగా ప్రవర్తించేవాడని. చర్లిష్ దీనికి అవతలి ఒడ్డు. చర్ల్ అంటే పల్లెటూరి రైతు, కింది కులస్థుడు అనే ధ్వనితో. దురుసుగా మాట్లాడేవాడు చర్లిష్. అమెరికా వెళ్తే అక్కడ ఆర్నరీ అన్న మాట ఉంది, ఊరికే పేచీ పెట్టుకునే మొండిఘటం అని. అది ఆర్డినరీ అన్న మాటే, పలుకుబడిలో నలిగి అలా అయింది. మామూలు మనిషి, నాసిరకం మనిషి, అక్కణ్ణుంచి చెడ్డ కోపం ఉన్న మనిషి. మామూలు మనిషిగా పుట్టడమే తిట్టుగా మారడానికి ఎంత దూరం ప్రయాణం చేసిందో ఆ మాట!

ఇక ఆడవాళ్ల దగ్గరికి వస్తే కథ మాటలతో ఆగలేదు.

ష్రూ అంటే చుంచెలుక. దాని కాటులో విషముంటుందని పాతకాలపు నమ్మకం. మధ్యయుగపు ఇంగ్లీషులో దుర్మార్గుడైన మగవాణ్ణి కూడా ష్రూ అనేవారు. తర్వాత్తర్వాత అది నోరున్న ఆడదానికి మాత్రమే మిగిలింది. దాంట్లోంచి పుట్టిన ష్రూడ్ అన్న విశేషణం మాత్రం మొదట చెడ్డ అన్న అర్థంతో బయల్దేరి, చివరికి చురుకైన వ్యాపారస్తుడికి మెచ్చుకోలు మాటగా స్థిరపడింది. ఆస్తి పంపకాల్లో ఎవరికేం దక్కిందో చూడండి. మన గయ్యాళికీ మగ రూపం లేదు. మగవాడైతే దుర్వాసుడు. గయ్యాళి అంటే వీధి మొహం తిప్పుకుంటుంది, దుర్వాసుడంటే కాళ్లు కడగడానికి నీళ్లు తెస్తారు, ఎక్కడ శపిస్తాడోనని.

షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ' 1590ల తొలినాళ్లకు చెందిన నాటకం. కేట్ నోటి దురుసుకి ఊరంతా భయపడుతుంది. పెట్రూకియో ఆమెని పెళ్లాడి ఇంటికి తీసుకొచ్చి, 'లొంగదీయడం' మొదలుపెడతాడు. నాలుగో అంకంలో భోజనం సీను ఉంది. వడ్డించిన మాంసం మాడిపోయిందని నౌకర్ల మీద విరుచుకుపడి, పళ్లేలు విసిరేసి, కేట్‌ని ఒక్క ముద్ద తిననివ్వడు. మాడిన మాంసం తింటే పిత్తం పెరుగుతుందట, కోపం వస్తుందట, ఇద్దరికీ ఇప్పటికే అది ఎక్కువట. పైకి వైద్యం, లోపల పస్తు. ఆ సీనులో కేకలేసేది, కొట్టేది, విసిరేది అతనే. ఆమె సర్దిచెబుతుంటుంది, మాంసం బాగానే ఉందని. ఐనా నాటకం పేరులో ష్రూ ఆమె. రోగం పేరు చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందో ఇంతకంటే సూటిగా చూపించిన సీను నేను చదవలేదు. షేక్‌స్పియర్ ఎవరి పక్షమో అన్న వాదన ఇంకా తెగలేదు, తెగకపోవడమే మంచిదేమో. ఈ నాటకం ఛాయలు మన 'గుండమ్మ కథ'లో ఉన్నాయంటారు. 1962 నాటి ఆ సినిమాలో సూర్యకాంతం ఎంత బాగా చేసిందంటే, ఆ పేరు పిల్లలకి పెట్టుకోవడానికి జనం జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గయ్యాళి వేషం వేసిన మనిషి పేరే గయ్యాళికి మారుపేరైంది. కోపధారి తండ్రులుగా వేసిన మగ నటులు ఎవరికీ ఆ గతి పట్టలేదు.

నాటకం సంగతి అలా ఉంచితే, ఇంగ్లండులో కామన్ స్కోల్డ్ అని చట్టంలోనే ఒక నేరం ఉండేది. స్కోల్డ్ అంటే ఎప్పుడూ కయ్యానికి కాలు దువ్వుతూ, తిడుతూ ఇరుగుపొరుగు శాంతిని చెడగొట్టే మనిషి. పద్దెనిమిదో శతాబ్దపు న్యాయ పండితుడు బ్లాక్‌స్టన్ తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో దీన్ని పబ్లిక్ న్యూసెన్స్ కింద జమకట్టాడు. న్యాయశాస్త్రపు లాటిన్‌లో ఆ మాట స్త్రీలింగంలోనే ఉందని కూడా చెప్పాడు. శిక్ష ఏమిటంటే డకింగ్ స్టూల్. పొడుగాటి దూలానికి ఒక చివర కుర్చీ కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి, చెరువులోనో ఏట్లోనో ముంచి లేపడం. వేడి పిత్తానికి చన్నీళ్లు అన్నమాట! 1809లో లెమ్‌స్టర్ అనే ఊళ్లో జెనీ పైప్స్ అని పిలిచే ఆవిణ్ణి ఇలా ముంచారు. ఇంగ్లండులో ఈ శిక్ష పడ్డ చివరి మనిషి ఆవిడే అంటారు. ఆ కుర్చీ ఇప్పటికీ ఆ ఊరి చర్చిలో ఉంది.

ఇంగ్లీషు చట్టం సముద్రం దాటినప్పుడు ఈ నేరం కూడా ఓడెక్కింది. 1829లో వాషింగ్టన్‌లో ఆన్ రాయల్ అనే రచయిత్రి మీద కామన్ స్కోల్డ్ కేసు పెట్టారు. అప్పటికి ఆమెకి అరవై దాటింది. భర్త పోయాక వీలునామా తగాదాలో ఆస్తి పోగొట్టుకుని, ఊళ్లు తిరుగుతూ యాత్రా పుస్తకాలు రాసి బతికింది. మతసంస్థలు ప్రభుత్వంలో వేలు పెట్టడాన్ని దుమ్మెత్తిపోసింది. పక్కన ప్రార్థనలకు చేరేవాళ్లకీ ఆమెకీ పడేది కాదు. నోటికొచ్చినట్టు తిట్టేదన్నది నిజమే. జ్యూరీ నేరం రుజువైందన్నది. కోర్టు ముంచే శిక్ష వెయ్యకుండా 10 డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. ఆమె ఊరుకోలేదు, రెండేళ్లకి సొంతంగా పత్రిక పెట్టి అధికారుల అవినీతి మీద రాస్తూ పోయింది. అదే కాలంలో అదే ఊళ్లో సెనేటర్లు ఒకరి మీద ఒకరు పిస్తోళ్లు తీసుకునేవాళ్లు. వాళ్లకది పరువు, గౌరవం.

ఇంగ్లండులో ఈ నేరం చట్టం నుంచి ఎప్పుడు పోయిందో చూసి రెండుసార్లు సరిచూసుకున్నాను: 1967. క్రిమినల్ లా యాక్టులో దీన్ని, గోడల పక్కన నక్కి వినడం లాంటి మరికొన్ని పాత నేరాలతో కలిపి, ఒకే సెక్షన్లో ఊడ్చేశారు. అప్పటికి గుండమ్మ కథ వచ్చి ఐదేళ్లు.

మగవాళ్ల వైపు పేర్లు ఈలోగా మెత్తబడుతూ వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దంలో స్ప్లీన్, అంటే ప్లీహం, పెద్ద ఫ్యాషన్. దిగులు, విసుగు, చిరాకు, అన్నిటికీ అదే కారణం. చదువుకున్న పెద్దమనిషికి స్ప్లీన్ ఉండటం సున్నితత్వానికి గుర్తు. జార్జ్ చేనీ అనే డాక్టరు 1733లో ఈ నరాల జబ్బుల మీద రాసిన పుస్తకానికి 'ది ఇంగ్లిష్ మాలడీ' అని పేరు పెట్టాడు, జబ్బులో కూడా కాస్త దేశభక్తి.

1755లో లండన్‌లో రెండు పుస్తకాలొచ్చాయి. ఒకటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు. అందులో కర్మడ్జన్ అన్న మాట ఉంది. ఇప్పుడు దానికి అర్థం ఊరికే విసుక్కునే ముసలాయన, మనసు మంచిదే అన్న ముద్దు కూడా కలిపి. జాన్సన్ కాలానికి అది పిసినారి. మాట పుట్టుక ఎవరికీ తెలియదు. జాన్సన్ ఫ్రెంచిలో 'కర్ మెషాఁ', అంటే చెడ్డ గుండె, అన్న మాటలు అరిగి ఇలా అయ్యాయని రాసి, ఈ ఊహ పేరు తెలియని ఒక ఉత్తరం రాసినాయనదని చెప్పడానికి 'అజ్ఞాత లేఖకుడు' అని పక్కన పెట్టాడు. ఇరవయ్యేళ్ల తర్వాత జాన్ ఆష్ అనే ఇంకో నిఘంటుకారుడు దీన్ని కాపీ కొడుతూ, కర్ అంటే అజ్ఞాత, మెషాఁ అంటే లేఖకుడు అని అర్థాలు రాసిపారేశాడు. కోడ్ చదవకుండా కాపీ-పేస్ట్ చేసే మా బాపతు వాళ్లందరికీ ఈయనే మూలపురుషుడు. జాన్సన్ స్వయంగా ఎంత విసుగుమనిషో బాస్వెల్ రాసిన జీవితచరిత్ర నిండా ఉంది. జనం దాన్ని ఇష్టంగా చదివారు, ఇప్పటికీ చదువుతున్నారు. ముసలాయన విసుగు అలా సాహిత్యమైంది. ముసలావిడ విసుగుకి తర్వాత కాలంలో దొరికిన పేరు బాటిల్‌యాక్స్, అంటే యుద్ధపు గొడ్డలి.

రెండో పుస్తకం స్విస్ శాస్త్రజ్ఞుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్ ఉపన్యాసాల ఇంగ్లీషు అనువాదం. ఒంట్లో ఏ భాగాన్ని తాకితే ముడుచుకుంటుంది, ఏది తాకితే నొప్పి తెలుస్తుంది అని తేల్చడానికి ఆయన 190 జంతువుల మీద ప్రయోగాలు చేశాడు. ఈ క్రూరత్వం తనకే ఇష్టం లేదనీ చెప్పుకున్నాడు. తాకితే ముడుచుకునే గుణానికి ఆయన వాడిన పేరు ఇరిటబిలిటీ. అంతకు ముందే మనుషుల కోపానికి ఇరిటబుల్ అన్న మాట ఉంది, కానీ ఇప్పుడు దానికి ల్యాబ్ కోటు వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, కండరానిది, నరానిది. 1871లో జాకబ్ ద కోస్టా అనే అమెరికన్ డాక్టరు అంతర్యుద్ధంలో గుండెదడ పట్టుకున్న సైనికుల గురించి రాసిన పేపర్లో ఆ జబ్బుని ఇరిటబుల్ హార్ట్ అన్నాడు. నోరున్న ఆడదాని దగ్గర నేరమైన గుణం సైనికుడి దగ్గర రోగనిర్ధారణ అయింది. రెండూ ఒకటే అనడం లేదు, ఆ సైనికుల బాధ నిజమైనది. ఆన్ రాయల్ నరాలు పట్టి చూడాలని ఎవరికీ తోచలేదంటున్నానంతే.

కవులకైతే వేరే పర్మిట్ ఉంది. కవులది ఇట్టే కోపం తెచ్చుకునే జాతి అని హొరేస్ ఎప్పుడో రోమ్‌లోనే అన్నాడు. కోల్‌రిడ్జ్ 1817లో తన 'బయోగ్రాఫియా లిటరేరియా'లో ఒక అధ్యాయం మొత్తం ఈ అపవాదు మీదే రాశాడు. నిజమైన మేధావులు, చాసర్, షేక్‌స్పియర్, మిల్టన్ లాంటి వాళ్లు, శాంతస్వభావులేననీ, చిర్రుబుర్రులాడేది అరకొర ప్రతిభ ఉన్నవాళ్లనీ ఆయన వాదన. కవిత్వం మీద ఒకట్రెండు సమీక్షలు రాసి కవుల దగ్గర తిట్లు తిన్న నాకు ఈ సిద్ధాంతం బాగా నచ్చింది. సమీక్షకులకూ వర్తిస్తుందేమోనని అనుమానం వచ్చి అక్కడితో వదిలేశాను.

మా పరిశ్రమ దగ్గరికి వస్తే, 2014లో కీరన్ స్నైడర్ అనే ఆవిడ ఫార్చ్యూన్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. టెక్ కంపెనీల వాళ్లని అడిగి 248 పనితీరు రివ్యూలు సేకరించింది. అబ్రేసివ్ అన్న ఒక్క మాట 13 మంది ఆడవాళ్ల గురించి 17 సార్లు కనపడింది. మగవాళ్ల రివ్యూల్లో అసలు లేదు. అగ్రెసివ్ అన్న మాట మగవాళ్లకి మూడుసార్లు వచ్చింది, అందులో రెండుసార్లు ఇంకొంచెం అగ్రెసివ్‌గా ఉండమన్న సలహాగా. వాళ్లంతట వాళ్లు పంపిన రివ్యూలు కాబట్టి గట్టి గణాంకాలని చెప్పలేను. కానీ నా ఫారం కూడా ఆ కుప్పలో వేసి ఉంటే లెక్క ఏమీ మారేది కాదు.

ఈ మాటల్లో నాకు తెలిసినంతలో ఆఖరిది హ్యాంగ్రీ. ఆకలీ కోపమూ కలిసిన మాట, 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరింది. ఇన్ని శతాబ్దాలు తిరిగి మళ్లీ కడుపు దగ్గరికే వచ్చాం, ఈసారి పిత్తం లేకుండా. ఎవరికైనా అతుకుతుంది, ఎవర్నీ తప్పుపట్టదు. ఇది కేట్‌కి తెలిసి ఉంటే బాగుండేది అనుకున్నాను, మాడని మాంసం ముందు కూర్చుని.

మా మధ్యాహ్నం మీటింగు ఒంటిగంటకి మొదలై రెండున్నర దాటేదాకా నడుస్తుంది. ఆ టైము పెట్టింది మా సీనియరే. ఆయన పన్నెండున్నరకే భోంచేసి వస్తాడు. ఆవిడ టిఫిన్ బాక్సు ల్యాప్‌టాప్ పక్కనే, మూత తియ్యకుండా ఉంటుంది.